బాడుగ యింటికి బోర్డు ఎప్పుడు కట్టవలెను?

ప్రొద్దుటూరి వీథులలో నడచుచున్నపుడు ఇండ్ల వాకిటి కమ్ములకో, మేడమెట్ల కటకటాలకో దారముతో కట్టిన చిన్న రేకుపలకలు కనబడుచుండును. నల్లని రంగుమీద తెల్లని అక్షరములతో ‘టు-లెట్’ అని యుండును. కొందరు దానిక్రింద ‘ఇల్లు బాడుగకు ఇవ్వబడును’ అని తెలుగున కూడ వ్రాయింతురు. ఆ పలక వెల స్వల్పము. దానిని ఏ దినమున కట్టవలెనన్నది మాత్రము స్వల్పవిషయము కాదు. ఇల్లు సర్వము సిద్ధమై, కడిగి ముగ్గు పెట్టిన పిమ్మట కట్టినచో ఒకటి రెండు నెలల బాడుగ చేజారిపోవును. పూత ఆరకమునుపే కట్టినచో బాడుగకంటె విలువైనది పోవచ్చును. పింఛనుమీద బ్రతుకు పెద్దలకు, ఇంటిలో ఒక వాటాను బాడుగకిచ్చి పిల్లల చదువులకు సర్దుకొను గృహిణులకు ఇది ప్రతి మరమ్మతునాడును ఎదురగు సమస్య. కావున దీనిని కొంచెము తీరికగా ముచ్చటింపదలచితిమి.

మా ఎరుకలో జరిగిన ఒక సంగతితో ప్రారంభింతుము. రాజుపాలెము ప్రొద్దుటూరికి చేరువలో, కుందూనది పరిసరములలో నున్న మండల కేంద్రము. 1985లో ఆంధ్రప్రదేశమున తాలూకాల స్థానమున మండలములు ఏర్పడినపుడు ఇటువంటి గ్రామములకు కచేరీలు వచ్చినవి. కచేరీలతో ఉద్యోగులు, ఉద్యోగులతో బాడుగ యిండ్ల అవసరము వచ్చినది. అచ్చట ఒక పెద్దమనిషికి తండ్రినాటి చవుడు మిద్దె యుండెను. దానిని తీసివేసి, స్లాబు వేయించి, రెండు వాటాలుగా మార్చవలెనని సంకల్పించెను. మే నెలలో పని సగమై యుండగనే, జూన్ ఒకటవ తేదీకి ముందటి వాటా సిద్ధమని టీ అంగడి యొద్ద నలుగురిలో చెప్పెను. ఆ మాట సాయంకాలమునకే ఒక ఉపాధ్యాయుని చెవిని పడెను. ఆయన వచ్చి అడ్వాన్సు చెల్లించి, ప్రొద్దుటూరిలో తామున్న యింటిని ఖాళీ చేయుదుమని యజమానికి చెప్పివేసెను.

జూన్ ఒకటవ తేదీన సామానుల బండి వాకిట నిలిచినది. బండలు సగము పరచియుండెను. స్నానపు గదికి తలుపు లేదు. నీళ్ల తొట్టికి మూత లేదు. ప్రొద్దుటూరి యింటిలో అప్పటికే వేరొక కుటుంబము దిగినది. పెద్దమనిషి తలవంచుకొని, “బేల్దారి పదిదినాలన్నాడమ్మా, నేను నమ్మి మాటిచ్చినా” అనెను. ఉపాధ్యాయుని భార్య శాంతముగనే, “మాట ఇచ్చింది మీరు గదా పెద్దయ్యా, బేల్దారి గాదు” అనెను. పదునైదు దినములు ఆ కుటుంబము ఆయన పంచలో కాపురముండెను. ఆ నడుమ ఒకనాటి మధ్యాహ్నము వారి మూడేండ్ల పిల్ల మూతలేని తొట్టి అంచుదాక ప్రాకిపోయినది. కూలిమనిషి ఒకతె చూచి రెక్కపట్టి లాగినందున ఏమియు జరుగలేదు. ఆనాటినుండి ఆ పెద్దమనిషికి బోర్డు అన్నమాట వినిన గుండె దడదడలాడునట.

ఇందు ఆయన అబద్ధమాడలేదు, మోసము తలపెట్టలేదు. పనులన్నియు ఒకే జాతివని తలచుటయే ఆయన పొరపాటు. మరమ్మతులో మనుష్యుని చేతిలోనుండు పనులు కలవు, కాలము చేతిలోనుండు పనులు కలవు. తలుపు బిగించుట, రంగు వేయుట, దీపములు అమర్చుట మొదలగునవి మొదటి జాతివి. ఒక మనిషికి బదులు ఇద్దరిని పెట్టినచో సగము కాలములో ముగియును. స్లాబు గట్టిపడుట, గోడపూత ఆరుట అట్టివి కావు. పదిమందిని పెట్టినను అవి తమ దినములు తాము తీసికొనియే తీరును.

చవుడు మిద్దెల సంగతి మన సీమవారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. దూలములపై దంతెలు పరచి, వానిపై చవుడు మన్ను దట్టముగా పోసి అణచిన కప్పు అది. ఎండకాలమున ఆ మిద్దెక్రింది చల్లదనము నేటి స్లాబుక్రింద లభింపదు. ఈ మాట చెప్పుటలో మాకు కొంత పక్షపాతమున్నను ఉండుగాక. కాని వానలకు ముందు ఏటేట చవుడు వేయవలెను, దూలములకు చెద చూచుకొనవలెను. బాడుగకున్నవారు ఆ శ్రమపడరు. అందుచేత మిద్దెలు పోయి స్లాబులు వచ్చుచున్నవి. పాత కప్పు తీసిననాటినుండి గోడలు ఎండకు వానకు ఎరయై యుండును గనుక యజమానికి తొందర కలుగుట సహజము. ఆ తొందర అక్కరకురాని చోటు స్లాబే.

భారత ప్రమాణముల సంస్థవారి ఐ.ఎస్. 456 అను నియమావళి 2000 సంవత్సరపు ప్రతిలో ఇందుకు లెక్కలు చెప్పబడినవి. స్లాబు క్రింది పోట్లను, గది వెడల్పు నాలుగున్నర మీటర్లకు లోబడియున్నచో 7 దినములవరకు, అంతకు మించినచో 14 దినములవరకు తీయరాదు. దూలములక్రింది పోట్లను ఆరు మీటర్లవరకు 14 దినములు, ఆపైన 21 దినములు ఉంచవలెను. తడి ఆరకుండ నీరుపట్టుట సాధారణ సిమెంటుకు కనీసము 7 దినములు; ఎండ, వేడిగాలి యున్నచోట 10 దినములకు తగ్గరాదు. నేడు అంగళ్లలో విరివిగా దొరకునది బూడిద కలిసిన సిమెంటు. అట్టిదానికి 14 దినములవరకు పొడిగించుట మేలని ఆ నియమావళియే సూచించుచున్నది. కడప మండుటెండలలో, మే నెలలో, నీటికి కటకటగా నున్నపుడు, ఉదయము ఒక బిందె, సాయంత్రము ఒక బిందె చల్లి ‘నీరుపట్టితిమి’ అనుట ఆత్మవంచన. స్లాబుపై మట్టితో చిన్న కట్టలు కట్టి నీరు నిలుపుట, లేదా తడిగోనెలు పరచుట మన బేల్దారులకు తెలిసిన పద్ధతియే; దగ్గరనుండి చేయించువారే కరవు.

పిదప గోడపూత. సిమెంటుపూత పైకి ఆరినట్లు కనబడును. లోపలి చెమ్మ మిగిలియుండును. దానిమీద రంగు వేసినచో కొన్ని వారములలో బుడగలు లేచి పొరలు రాలును, తెల్లని ఉప్పు పైకి తేలును. ఇల్లు చూడవచ్చినవారికి ఆ దినమున గోడ మెరయుచుండును; కాపురము దిగిన నెలకు గోడకానించిన బీరువా వెనుక బూజు కనబడును. దినములు లేవని రంగు పులిమి బోర్డు కట్టుట ఇట్లు రెండు విధముల నష్టము: రంగు డబ్బు పోవును, మాట పోవును. పాత పద్ధతిని సున్నము వేయించువారికి ఈ చిక్కు తక్కువ, ఏలయన సున్నపుపూత చెమ్మను లోపల బంధింపక బయటికి పోనిచ్చును.

నల్లరేగడి నేలలను గూర్చియు ఒకమాట చెప్పవలెను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతములలో ఆ నేలలు విస్తారము. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొని పగుళ్లిచ్చుట రేగడి స్వభావము. పునాది లోతుచాలని పాత యిండ్ల గోడలు దానితోపాటు కదలును. వేసవిలో పూడ్చిన పగులు వానకాలమున మరల నోరు తెరచుట ఎందరికో అనుభవము. అట్టి గోడ యున్నచో ఒక వానకాలము గడచువరకు ‘పగుళ్లు లేని యిల్లు’ అని ఎవరికిని చెప్పకుండుట మంచిది. పూడ్చిన చోటును వేలితో చూపి, ‘ఇక్కడ పగిలెను, పూడ్పించితిమి, మరల వచ్చినచో మేమే చేయింతుము’ అని చెప్పినందువలన బాడుగకు వచ్చువారు పారిపోయిరని మేము వినలేదు.

చేతిపనులకు, కాలపు పనులకు తోడు కచేరీ పనులును కలవు. రెండవ వాటాకు ప్రత్యేకముగ విద్యుత్తు మీటరు కావలెను. కుళాయి అనుసంధానము కావలెను. ఇవి బేల్దారి చేతిలో లేవు, సూర్యుని చేతిలో లేవు. దరఖాస్తు ఇల్లు పూర్తియైన పిదప పెట్టుట అలవాటు. పని మొదలైననాడే పెట్టుట వివేకము. మీటరు లేక పొరుగు వాటానుండి తీగె లాగి యిచ్చిన దీపమువలన ప్రమాదము సరేసరి, నెలనెల బిల్లు పంచుకొనుటలో వచ్చు తగవులకు అంతుండదు.

ఇక బోర్డు మాట. మా అభిప్రాయము ఇది: కాలము చేతిలోని పనులు పూర్తిగా ముగిసి, కచేరీ పనులు చేతికంది, చేతిపనులు మాత్రమే మిగిలియున్నపుడు బోర్డు కట్టవచ్చును. ఆ మిగిలిన చేతిపనులలోను వంటయిల్లు, స్నానపు గది, మరుగుదొడ్డి, నీళ్లు ఉండరాదు. ఈ నాలుగును అమరిన యిల్లు రంగు లేకున్నను ఇల్లే. ఈ నాలుగును లేని యిల్లు ఎన్ని రంగులు పూసినను కాపురమునకు రాదు. ఇల్లాండ్రు మొదట చూచునది వంటయింటి గట్టు, నీటితొట్టి, పొగపోవు దారి. ముందటి గదిని మెరిపించి వంటయింటిని కడపట వదలు గృహస్థులు తమ ఇల్లు తాము చూచుకొనుచున్నారే గాని చూడవచ్చువారి కంటితో చూచుటలేదు.

అప్పుడు తేదీ కట్టుకొనవలెను. మేస్త్రి ‘పది దినములు’ అన్నచో మేము పదునైదుగా వ్రాసికొందుము. కోతలు, నాట్లు వచ్చినపుడు కూలీలు కె.సి. కాలువ క్రింది పొలములకు పోవుదురు. పెండ్లిండ్లు వచ్చినపుడు మేస్త్రులే రారు. అట్టి మాసములలో ఇరువదిగా వ్రాసికొందుము. ఇందు మేస్త్రిపై నింద లేదు. ఆయన చెప్పునది పని జరుగు దినముల లెక్క. మనకు కావలసినది క్యాలెండరు దినముల లెక్క.

ఎదుటివారి లెక్క మరియొకటి. నేడు వేరొక యింటనున్న కుటుంబము అక్కడ ముందుగా చెప్పి విడిచిరావలెను. నెలవారీ బాడుగకు, వేరు ఒప్పందము లేనపుడు, 15 దినముల తాఖీదు చాలునని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము చెప్పుచున్నది. మర్యాదగా నడచువారు మాత్రము ఒక నెల చెప్పుదురు. కావున ఇల్లు కాపురమునకు వచ్చు తేదీకి నాలుగు, ఐదు వారములకు ముందు బోర్డు కట్టిన చాలును. అంతకన్న ముందు కట్టినచో వచ్చువారు ఇల్లు లేక వచ్చినవారో, ఊరక చూడవచ్చినవారో యగుదురు. మొదటివారు ఆగలేరు. రెండవవారికి చూపి చూపి విసుగు పుట్టును. పైగా ‘ఆ యింటి బోర్డు రెండునెలలుగా ఆడుచున్నది, అందేదో లోపమున్నది’ అని ఊరు చెప్పుకొనును.

ఒక లెక్క చూతము. నెలకు 6,000 రూపాయల బాడుగ వచ్చు యిల్లు ఒక నెల ఖాళీగ నున్నచో పోవునది 6,000. ఆ నష్టమునకు వెరచి సగము పనిలోనే ఇల్లు చూపినవారు, చూచువాని నొసటిముడులు విప్పుటకై 500 తగ్గింతురు. పదునొకండు నెలల ఒప్పందమున ఆ తగ్గింపు 5,500 అగును. అనగా తొందరపడి మిగిల్చినది 500 రూపాయలే. ఒప్పందము పొడిగించినపుడు తగ్గించిన బాడుగను మరల పెంచుట ఎంత కష్టమో యజమానులకు తెలియును. మరి ఓపికపట్టి నాలుగు వారములముందు, పూర్తియైన వంటయిల్లు చూపి, పూర్తి బాడుగకు మాట్లాడుకొన్నవానికి ఖాళీ దినములు పదియో, పదునైదో మాత్రమే.

మన దేశమున ఈ లెక్కలన్నిటిపైన పంచాంగము కూర్చుండియున్నది. సొంతయింటి గృహప్రవేశమునకున్నంత పట్టు బాడుగ యింటికి లేకున్నను, పాలు పొంగింపక క్రొత్త పొయ్యి వెలిగించు ఇల్లాలు మన ప్రాంతమున అరుదు. ఆషాఢమున, పుష్యమున, మూఢములలో ఇల్లు మారనివారు నేటికిని పెక్కుమంది. మరియొకవైపు బడులు తెరచునది జూన్ నెలలో. ఉద్యోగుల బదిలీలు తరచు వచ్చునదియు వేసవిలోనే. అందుచేత మే ఉత్తరార్ధమునుండి ఆషాఢము వచ్చువరకు ఇండ్లకు గిరాకి హెచ్చు. 2023లో ఏమి జరిగినదో జ్ఞాపకము చేసికొనుడు. జూన్ 19న ఆషాఢము వచ్చినది. అది ముగియగనే అధిక శ్రావణము. నిజ శ్రావణము వచ్చుసరికి ఆగస్టు 17. జూన్ నడుమ సిద్ధముగాని యిల్లు పట్టింపుగలవారి లెక్కలో రెండు నెలలు ఆగవలసినదే. అట్టి సంవత్సరమున ఆషాఢమునకు ముందు ఇల్లు అందదని తెలిసినపుడు, పరుగులెత్తి చెమ్మగోడకు రంగు వేయుటకంటె, వచ్చిన వ్యవధిని పూత ఆరుటకు వినియోగించి శ్రావణమునకు చూపుట లాభకరము. పంచాంగము అడ్డమని విసుగుకొనువారు కలరు. మేస్త్రికంటె అది నమ్మదగిన తేదీలు చెప్పునని మా తలంపు.

అడ్వాన్సు విషయమున మెలకువ హెచ్చుగా నుండవలెను. పని మిగిలియున్న యింటికి పూర్తి అడ్వాన్సు తీసికొనుట మాకు సమ్మతము కాదు. నిలుపుదల కొరకు స్వల్పముగా పుచ్చుకొని, ఒక కాగితముపై మూడు సంగతులు వ్రాయవలెను: ఇంకను ఏయే పనులు మిగిలియున్నవి, ఏ తేదీకి ఇల్లు అప్పగింతురు, ఆ తేదీ తప్పినచో ఏమి చేయుదురు. సొమ్ము వాపసు ఇత్తురా, లేక ఆలస్యమైన దినములకు బాడుగ మినహాయింతురా అనునది అందు స్పష్టముగ నుండవలెను. రాజుపాలెపు పెద్దమనిషి ఈ కాగితము వ్రాసియున్నచో, వ్రాయునపుడే ఆయన చేయి ‘జూన్ ఒకటి’ యొద్ద ఆగియుండెడిది. నోటితో చెప్పిన తేదీకంటె వ్రాసిన తేదీకి మనుష్యుడు భయపడును.

చట్టమును ఈ మర్యాదనే కోరుచున్నది. ఇంటిలో పైకి కనబడని లోపము యజమానికి తెలిసి, బాడుగకు వచ్చువానికి మామూలు శ్రద్ధతో తెలియరానిదైనచో, దానిని యజమాని చెప్పవలెనని పైన పేర్కొన్న 1882 నాటి చట్టమున 108వ సెక్షను విధించుచున్నది. చెమ్మ గోడ, పూడ్చిన పగులు ఇట్టివే. ఏడాదికి మించిన ఒప్పందమును రిజిస్టరు చేయింపవలెనని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము చెప్పుటవలననే పదునొకండు నెలల పత్రములు వాడుకకు వచ్చినవి. నిర్మాణములోనున్న యిండ్ల అమ్మకమునకు 2016 నాటి స్థిరాస్తి చట్టము గట్టి కట్టుబాటు పెట్టినది. దాని పరిధిలోని కట్టడమును రిజిస్టరు చేయింపక ప్రకటన చేయరాదు, వ్రాతపూర్వకమైన ఒప్పందము లేక పదవవంతుకు మించి సొమ్ము తీసికొనరాదు. అది అమ్మకమునకే గాని మన బాడుగ వాటాలకు వర్తింపదు. వర్తింపకున్నను, అందలి ‘పదవవంతు’ అను కొలత గృహస్థులు అనుకరింపదగినది.

ఈ తొందర మన ఊరిదే యనుకొనరాదు. అమెరికాలోని విశ్వవిద్యాలయ పట్టణములలో విద్యార్థుల వసతి గృహములను కట్టడము ముగియకమునుపే నెలల ముందుగా బాడుగకిచ్చుట వాడుక. చదువులు మొదలగు నాటికి కట్టడము అందక, వచ్చిన విద్యార్థులను హోటళ్లలో ఉంచవలసివచ్చిన సందర్భములు అక్కడ లేకపోలేదు. హోటలు ఖర్చు భరింపగల వ్యాపారులకు అది లెక్కలో ఒక పద్దు. పింఛనుదారుని పంచ అట్టిది కాదు.

ఇల్లు చూపుటలోను జాగ్రత్తలు కలవు. సెంట్రింగు కొయ్యలున్నంతవరకు ఎవరినిని లోనికి రానీయరాదు. తీగెలు బయటకు వ్రేలాడుచున్న గోడలు, మూతలేని తొట్లు, పిట్టగోడలేని మిద్దెలు—ఇవి యున్నంతవరకు చూడవచ్చువారు పిల్లలతో రావద్దని ముందే చెప్పవలెను. చూపు వేళను పనివారు భోజనమునకు పోయిన సమయమున పెట్టుకొనుట రెండువిధముల అనుకూలము: దుమ్ము తగ్గును, పనియు చెడదు. నేడు ఫోనులో ఛాయాచిత్రములు పంపుట పరిపాటియైనది. పంపునపుడు ఆ దినపు చిత్రమే పంపి, ‘ఇంకను తలుపులు బిగింపవలెను’ అని క్రింద వ్రాయుటలో చిన్నతనము లేదు.

పట్టణమునకును పల్లెకును ఇచ్చట ఒక భేదము గమనింపవలెను. ప్రొద్దుటూరి వంటి ఊరిలో బోర్డు కట్టిననాడే ప్రకటన. రాజుపాలెము వంటి చోట బోర్డు అక్కరయే లేదు. టీ అంగడిలో, చౌక దుకాణము వరుసలో, బడి వాకిట ఒక్కరితో అన్న మాటయే బోర్డు. దానిని మరల విప్పుటకు వీలులేదు. కావున పల్లెలో ఇల్లు మరమ్మతు చేయించువారు, ఎప్పుడు సిద్ధమగునని అడిగినవారికి తేదీ చెప్పుటకు బదులు పని చెప్పుట మేలు: ‘స్లాబు నీరుపట్టుచున్నాము’, ‘పూత ఆరుచున్నది’. అడిగినవాడు తానే లెక్కవేసికొనును.

1960 నాటి ఆంధ్రప్రదేశ్ బాడుగ నియంత్రణ చట్టమున ఒక వింత నిబంధన యుండెడిది. అది అమలైన పట్టణములలో ఇల్లు ఖాళీయైన పదిదినములలో యజమాని ఆ సంగతిని నియమితుడైన అధికారికి వ్రాసి తెలుపవలెను. ప్రభుత్వోద్యోగులకు కావలసినచో వారికి కేటాయించుటకు. బోర్డు ఎప్పుడు కట్టవలెనని యజమాని ఆలోచింపకమునుపే, ఆ ఖాళీ సర్కారు పుస్తకమున ఎక్కవలసినదన్నమాట. నాటి పెద్దలతో ముచ్చటించినచో ఆ పదిదినముల కథలు పెక్కు వినవచ్చును.

మన రాజుపాలెపు గృహస్థు సంగతి ముగింపవలసియున్నది. ఉపాధ్యాయుని కుటుంబము పదునైదు దినముల పిమ్మట ఆ వాటాలోనే చేరినది. ఆ నెల బాడుగ ఆయన పుచ్చుకొనలేదు. తొట్టికి మొదట మూత చేయించి, తరువాత బండలు పరపించెను. వెనుకటి వాటా పని మొదలుపెట్టినపుడు ఎవరడిగినను తేదీ చెప్పలేదు. ఆషాఢమున పూతను ఆరనిచ్చి, అమావాస్యకు వారము దినములముందు పలక వ్రాయించి తెచ్చెను. దానిమీద ‘బాడుగకు ఇవ్వబడును’ అనుమాటక్రింద సుద్దముక్కతో ‘రంగు, రెండు తలుపులు మిగిలినవి’ అని చేర్చెను. తలుపు బిగించిననాడు ఆ మాట తుడిచెను. రంగు ముగిసిననాడు రెండవది తుడిచెను. శ్రావణ శుక్రవారమునాడు ఒక ఉద్యోగిని, తన తల్లితో వచ్చి పాలు పొంగించినది. ఆ సాయంకాలమే ఆయన పలక విప్పి అటకమీద పెట్టెను. ఈ చివరి పని మరచువారు చాలమంది. ఇల్లు నిండినను పలక వ్రేలాడుచుండ, మధ్యాహ్నపు నిద్రవేళ తలుపు తట్టించుకొని విసుగుకొనుచుందురు.